తుపాను డబ్బా: పొయ్యి వెలగని రోజుకు అటుకుల పులిహోర ప్యాకెట్లు

[తెర మీద: మూత బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ము, అందులోంచి ఒక్కొక్కటిగా బయటికి తీస్తున్న ప్యాకెట్లు]

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటాక చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు నీళ్లలో ఉండిపోయాయి. అలాంటప్పుడు ఇంట్లో బియ్యం ఉన్నా వండే వీలుండదు. ఫ్రిజ్‌లో ఉన్నవి మొదటి రోజే పాడవుతాయి. పొయ్యి లేకుండా, చన్నీళ్లతో అయిదు నిమిషాల్లో తయారయ్యే భోజనం ఇంట్లోనే చేసి దాచుకోవచ్చు. అదెలాగో చూద్దాం.

[తెర మీద: సీసాలో సాంబారు. దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు]

ముందు చేయకూడనిది చెప్పాలి. పప్పు, సాంబారు, కూర లాంటివి వండి సీసాలోనో వాక్యూమ్ కవర్లోనో బిగించి అటక మీద పెట్టొద్దు. తడి ఉండి, పులుపు తక్కువై, గాలి ఆడని చోట క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం తయారు చేస్తుంది. చాలాసార్లు వాసన మారదు, రంగూ మారదు. మామూలుగా మరిగిస్తే దాని బీజాలు చావవు. కంపెనీలు రిటార్ట్ యంత్రంలో ఒత్తిడి పెట్టి, 121 డిగ్రీల దాకా వేడి చేసి వాటిని చంపుతాయి. మన కుక్కర్లో ఆ వేడి సీసా నడిమధ్య దాకా, కావలసినంతసేపు చేరిందో లేదో తెలుసుకునే దారి లేదు. కాబట్టి తడి తిండి జోలికే పోవద్దు. పూర్తిగా ఎండిన తిండినే దాచి, తినేముందు నీళ్లు కలుపుకుందాం.

[తెర మీద: దినుసులన్నీ పళ్లెంలో]

నాలుగు ప్యాకెట్లకు, అంటే నలుగురు పెద్దవాళ్లకు ఒక పూటకు సరిపడా కొలతలు ఇవి. పల్చటి అటుకులు 400 గ్రాములు, పల్లీలు 80 గ్రాములు, పుట్నాలు 60 గ్రాములు, నూనె మూడు పెద్ద చెంచాలు, ఎండుమిర్చి ఆరు, ఆవాలు ఒక టీస్పూను, పసుపు అర టీస్పూను, ఇంగువ పావు టీస్పూను, ఉప్పు రెండు టీస్పూన్లు, నిమ్మ ఉప్పు ఒక టీస్పూను, కరివేపాకు రెండు గుప్పెళ్లు. ఒక్కో ప్యాకెట్‌లో సుమారు 600 కేలరీలు ఉంటాయి.

పులుపుకి చింతపండు గుజ్జు గానీ నిమ్మరసం గానీ వాడొద్దు, రెండూ తడిని తెస్తాయి. నిమ్మ ఉప్పు పొడి కాబట్టి ఆ ఇబ్బంది లేదు. పచ్చి శనగపప్పు కూడా వద్దు. పోపులో వేగి నిలవున్నాక పంటికి రాయిలా తగులుతుంది, ముసలివాళ్లు నమలలేరు. అందుకే పుట్నాలు. కొబ్బరి అన్నిటికంటే ముందే పాడవుతుంది. ఉల్లిపాయ ఎంత వేయించినా మళ్లీ తేమ లాగుతుంది. ఆ రెండూ మానేయండి.

[తెర మీద: నీడలో బట్ట మీద ఆరబెట్టిన కరివేపాకు]

ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి. మంచి ఎండ కాసే రోజు చూసుకోండి. కరివేపాకు ముందు రోజే కడిగి, నీడలో బట్ట మీద ఆరబెట్టండి. బూజు పట్టిన ప్యాకెట్ విప్పి చూస్తే చాలాసార్లు ఆ బూజు మెత్తగా మిగిలిన కరివేపాకు చుట్టూనే ఉంటుంది.

అటుకుల్ని జల్లించి, మధ్యాహ్నం రెండు గంటలు ఎండలో పెట్టండి. తర్వాత మందపాటి మూకుట్లో, సన్నటి సెగ మీద, కొంచెం కొంచెంగా ఆరేడు నిమిషాలు వేయించండి. సెగ పెంచితే ముడుచుకుపోయి అంచులు మాడతాయి, లోపల తేమ అలాగే ఉండిపోతుంది.

[దగ్గరి షాట్: రెండు వేళ్ల మధ్య ఒక అటుకు]

వేగాయో లేదో ఇలా చూడండి. ఒక అటుకు తీసి, చల్లారాక వేళ్లతో నలపండి. చిటుక్కున విరిగి పొడైతే సరే. వంగితే ఇంకా తేమ ఉందని లెక్క, మళ్లీ వేయించండి. వేడిగా ఉన్నప్పుడు పరీక్షిస్తే తేల్చలేం, చల్లారనివ్వాలి.

[తెర మీద: మరో మూకుడులో పోపు]

పల్లీలు విడిగా దోరగా వేయించి పొట్టు తీసేయండి. నూనె కాగాక ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేయండి. నూనె చిటపట ఆగి, ఆకు విరిస్తే గాజులా విరగాలి. అప్పుడు పుట్నాలు, పల్లీలు, ఇంగువ, పసుపు వేసి దించేయండి. చల్లారాక ఉప్పు, నిమ్మ ఉప్పు కలపండి.

ఈ పోపును అటుకుల్లో కలపొద్దు. నూనె, పల్లీలు ఉన్నవి మన కోస్తా వేడికి తొందరగా పాత నూనె వాసన పడతాయి. మూడు నెలలకు మించి ఉంచకండి. ఒట్టి అటుకులు, సీలు బాగుంటే, ఆరు నెలలు నిలుస్తాయి. విడిగా ఉంటే మూడో నెలలో పోపు పొట్లం ఒక్కటే మార్చుకుంటే చాలు.

[తెర మీద: అల్యూమినియం పొర ఉన్న పౌచ్, హెయిర్ స్ట్రెయిట్‌నర్‌తో సీలు]

మామూలు పాలిథిన్ కవర్లోకి గాలిలో తేమ నెమ్మదిగా చొరబడుతుంది. అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌లు కొనండి. ఒక్కో దాంట్లో 100 గ్రాముల అటుకులు పోసి, నాలుగో వంతు పోపును చిన్న పౌచ్‌లో బిగించి బయట దానికి జత చేయండి. పైన రెండంగుళాలు ఖాళీ వదలండి. సీలు వేసేచోట పొడి అంటుకుని ఉంటే అక్కడే కారుతుంది, పొడి బట్టతో తుడవండి. హెయిర్ స్ట్రెయిట్‌నర్‌తో ఒక గీత, వేలి మందం కింద ఇంకో గీత వేయండి. చల్లారాక నీళ్లలో ముంచి నొక్కండి, బుడగ వస్తే మళ్లీ సీలు చేయాలి.

గోరువెచ్చగా ఉన్నా సరే, వేడి పోకుండా బిగించొద్దు. లోపలి ఆవిరి చల్లబడి నీటిచుక్కలవుతుంది, అటుకులు ముద్ద కడతాయి, పది రోజులకే బూజు. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే.

పౌచ్ మీద చేసిన తేదీ, పోపు మార్చాల్సిన తేదీ రాయండి. అన్నిటినీ రబ్బరు రింగు మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి ఎత్తైన చోట పెట్టండి. పక్కనే గాజు జాడీలోని ఆవకాయ కొంచెం ప్లాస్టిక్ సీసాలోకి మార్చి పెట్టుకోండి. ఉప్పు, నూనె, కారం, పులుపు దాన్ని కాపాడతాయి. చిన్నపిల్లలకూ, పళ్లు లేని పెద్దవాళ్లకూ పుట్నాల పిండి 200 గ్రాములు, దానితో విడి కవర్లో 100 గ్రాముల చక్కెర పొడి. బెల్లం వద్దు, వర్షాకాలంలో చెమ్మగిల్లుతుంది.

[తెర మీద: గిన్నెలో అటుకులు, గ్లాసుతో నీళ్లు చిలకరించడం]

తినేటప్పుడు ఒక ప్యాకెట్‌కు 120 నుంచి 150 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. ఒకేసారి పోస్తే జావలా అవుతుంది. రెండు విడతలుగా చిలకరించి, పోపు కలిపి, అయిదు నిమిషాలు మూత పెట్టండి.

ఆ నీళ్లు తాగే నీళ్లే అయ్యుండాలి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు సరిపడా ముందే నింపుకోండి. వరద నీళ్లు కలిసిన బోరు, కుళాయి నీళ్లు అటుకులు తడపడానికి కూడా వాడొద్దు. తడిపిన అటుకులు మిగిలితే రెండు గంటలు దాటాక పారేయండి, మర్నాటికి దాచొద్దు.