సర్వర్ మూసేస్తే ఆట ఎవరిది?

(కడపలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న గ్రంథాలయాధికారి గారికి, నాకంటే ముందు మాట్లాడిన తెలుగు మాస్టారికి, పొద్దున పదింటి నుంచి ఓపిగ్గా కూర్చున్న పిల్లోళ్లకు, వాళ్లను నడిపించుకోని వచ్చిన టీచరమ్మలకు నమస్కారం. నా ముందు నలుగురు మాట్లాడినారు. నలుగురూ ‘రెండే మాటలు’ అని మొదలుపెట్టినారు. నేను ఆ మాట అనను.

కరపత్రంలో నా పేరు కింద ‘సెల్‌ఫోన్ ఆటలు, విద్యార్థులపై దుష్ప్రభావం’ అని వేసినారు. గ్రంథాలయాధికారి సారు కంప్యూటర్ రిపేరుకు మా షాపుకొచ్చి, ‘ఏమప్పా, నువ్వు ఆటలోడివి కదా, ఆటలొద్దు పుస్తకాలు చదవండి అని పిల్లోళ్లకు నువ్వు జెప్తే ఇంటారు’ అన్నారు. సరే సార్ అన్నా. ఇదిగో చెప్తున్నా. రాత్రి పన్నెండు దాకా ఫోను చూడొద్దండి, కండ్లు పోతాయి. పుస్తకాలు చదవండి. సార్ చెప్పమన్న మాట అయిపాయ. ఇంగ నా మాట.

ఈ అట్టపెట్టె చూసి ఇందాకటి నుంచి ముందు వరసలో గుసగుసలు పోతాండారు. తినేది కాదు. చివర్లో తెరుస్తా.

ముందు ఒక పాత కోపం తీర్చుకోవాల. మూడేండ్ల కింద గేమింగ్ సెంటర్ పెడదామని గది బాడుగకు అడిగితే, ఓనరు ‘పేకాట పెడతావా’ అన్నాడు. ఆయన తప్పు కాదు. డబ్బులు పెట్టి రమ్మీ ఆడించేవాళ్లు గేమింగ్ అనే పేరే ఎత్తుకపోయినారు. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసి, డబ్బుతో ఆడే ఆటలు వేరు, పోటీలుగా ఆడే వీడియో ఆటలు, అంటే ఈ-స్పోర్ట్స్ వేరు అని గీత గీసింది. మంచిదే. మా ఓనరుకు మాత్రం ఆ గీత ఇంకా కనపడలేదు. గది ఇయ్యలేదు.

2003లో ఏడు రోడ్ల దగ్గర నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఆరు సిస్టమ్స్, గంటకు పదిహేను రూపాయలు. నెట్ కోసం వచ్చేది ఎవరు? హాల్ టికెట్లప్పుడు తప్ప అందరూ ఆటలకే. ఐజీఐ అని ఒక ఆట. దాంట్లో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే, అంటే ఆడినంతవరకు దాచిపెట్టుకునే వీలే లేదు. గోడలు దూకి, కెమెరాలు తప్పించుకోని, ముప్పావు గంట కష్టపడి చివరి గేటు దగ్గరికొస్తే కరెంటు పోయేది. మన కడప కరెంటు! ఐజీఐలో శత్రువులు చంపినదానికంటే మన ట్రాన్స్‌ఫార్మర్ చంపిందే ఎక్కువ. పిల్లోళ్లు కుర్చీలోంచి లేసి కరెంటోళ్లను తిట్టి, మళ్లా పదిహేను రూపాయలు తీసేవాళ్లు. ఆ సీడీలు ఒరిజినలా డూప్లికేటా అని అడగొద్దండి. యాభై రూపాయల సీడీలు. తప్పే. ఆ తప్పు దగ్గరికి మళ్లా వస్తా.

ఆ ఆరింట్లో నాలుగో సిస్టమ్ ఒక నందలూరు పిల్లోనిది. అంటే వాడు కొన్నది కాదు, ఆ సిస్టమ్ ఖాళీ లేకపోతే వాడు వాకిట్లో నిలబడి కాచుకునేవాడు. వైస్ సిటీ అనే ఆట ఆడేవాడు. దాంట్లో మొదట కారెక్కంగానే మైకేల్ జాక్సన్ పాట వస్తుంది. వాడు మిషన్‌కు పోడు, పాట అయిపోయేదాకా సముద్రం ఒడ్డున కారు తిప్పుతా ఉంటాడు. ‘రేయ్, గంట అయిపాయె రా’ అంటే, ‘ఉండన్నా, ఇల్లు చేరి సేవ్ చేసుకుంటా’ అనేవాడు. గులాబీ రంగు కాసెట్ గుర్తు మీదికి పోతేనే సేవ్ అవుతాది.

2006లో వాడు డ్రైవర్ పనికి కువైట్ పాయె. సెంటర్ కూడా మూతపడింది, ఇంటింటికీ నెట్ వచ్చె. లాక్‌డౌన్‌లో ఒక రాత్రి కువైట్ నుంచి ఫోను. పద్నాలుగేండ్ల తర్వాత! నేను అప్పు అడుగుతాడేమో అనుకున్నా. ‘అన్నా, నా సేవ్ ఉండాదా?’ అన్నాడు.

ఉండాది! నేను ఏదీ పారేయను, మా ఇంటామె తిట్టేదే దానికి. నాలుగో సిస్టమ్ నలభై జీబీ హార్డ్ డిస్కు పాత లుంగీలో చుట్టి అటక మీద పెట్టినా. కేబుల్ తగిలించి చూస్తే తిరిగింది. రెండొందల కేబీ ఫైలు, మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ బొమ్మంత. వానికి మెయిల్ చేసినా. వాడు అక్కడ లాప్‌టాప్‌లో పెట్టుకోని తెరిచినాడంట. 2006లో యాడ నిలబెట్టినాడో ఆడనే ఉన్నాడు. ఫోన్లో శానాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఎందుకు దొరికింది ఆ ఫైలు? నా అటక మీద ఉంది కాబట్టి. నేను చెప్పొచ్చింది ఇదే సార్, కరపత్రంలో లేని సబ్జెక్టు ఇదే.

ఇప్పుడు మా కొడుకు సంగతి చెప్తా. పెండ్లయినాక బుద్ధి తెచ్చుకోని, ఇంగ డూప్లికేట్ ముట్టుకోకూడదని బెంగళూరు పోయినప్పుడు ఒక ఒరిజినల్ ఆట కొన్నా. డబ్బా, డీవీడీ, బిల్లు, అన్నీ ఉన్నాయి. కంపెనీ పేరు చెప్పను. ఇంటికొచ్చి పెడితే ఖాతా తెరువు అంది, నెట్ పెట్టు అంది. పెట్టినా. కొన్నేండ్లకు, మా వానికి ఆడే వయసొచ్చేసరికి, ‘సేవలు నిలిపివేస్తున్నాం’ అని మెయిల్. ఒక్కడే కూర్చోని ఆడే ఆట అది! నాకు కంపెనీతో ఏం పని? కస్టమర్ కేర్‌కు రాస్తే, మీరు కొన్నది ఆట కాదు, ఆడుకునే లైసెన్సు అని జవాబు. మీరందరూ సేద్యం ఇండ్లలోంచి వచ్చినోళ్లే కదా. పట్టా ధర తీసుకోని కౌలు కాగితం చేతిలో పెట్టినారు. కౌలు కాగితంలోనన్నా గడువు రాసుంటాది. దీంట్లో గడువు కూడా లేదు! వాళ్లకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఖాళీ చేయాల.

యాభై రూపాయల దొంగ సీడీ ఈరోజుకూ ఆడతాది. బిల్లు పెట్టి కొన్నది ఆడదు. మా వాడు అడిగినాడు, ‘నాయనా, మరి ఒరిజినల్ అంటే ఏంది?’ అని. నాకు జవాబు రాలేదు.

ఇది నా ఒక్కని ఏడుపు కాదు. ‘ద క్రూ’ అని కార్ల ఆట, 2014 డిసెంబరులో వచ్చింది. 2024 మార్చి 31న సర్వర్లు, అంటే ఆటను నడిపే కంపెనీ కంప్యూటర్లు, ఆపేసినారు. డబ్బులిచ్చి కొన్నోళ్లకు కూడా ఆట పాయె. అప్పుడు రాస్ స్కాట్ అనే ఆయన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అని ఉద్యమం మొదలుపెట్టినాడు. 2025లో యూరప్‌లో దానికి పది లక్షలకు పైన సంతకాలు పడినాయి. సర్వర్ ఎల్లకాలం నడపమని వాళ్లు అడగలేదు. పోయేటప్పుడు ఆడుకునే స్థితిలో వదిలిపొండి అన్నారు, అంతే. కాలిఫోర్నియాలో 2024లో చట్టమే చేసినారు, లైసెన్సు అమ్ముతూ ‘కొనండి’ అని బటన్ పెడితే అది లైసెన్సేనని తేటగా చెప్పాలని. చెప్పి మరీ కౌలుకిస్తారన్నమాట!

కంపెనీల మాట కూడా వినాల. సర్వర్లకు ఖర్చుంది. ఆటలో వాడిన పాటలకు, కార్ల పేర్లకు హక్కుల గడువులుంటాయి. వైస్ సిటీలో అట్లనే తర్వాత అమ్మిన కాపీల్లోంచి కొన్ని పాటలు తీసేసినారు, మా నందలూరోడు తిరిగిన ఆ మైకేల్ జాక్సన్ పాట కూడా. ఒప్పుకుంటా. కానీ మా సెంటర్లో అందరం కలిసి కాల్చుకునే ఆట కౌంటర్ స్ట్రైక్ 1.6 ఎట్లాడినాము? ఆరు సిస్టమ్స్‌లో ఒకటే సర్వర్. వైరు మనది, స్విచ్ మనది. బయట నెట్ తెగిపోయినా ఆట ఆగదు. కంపెనీలకు ఆ పని చేతకాక కాదు, వదిలిపెట్టేది ఇష్టం లేక.

పీసీ గొప్పదా, టీవీకి తగిలించి ఆడే కన్సోల్ గొప్పదా అని మా షాపులో రోజూ పంచాయితీ. నేను పీసీ మనిషిని. ఆ కౌంటర్ స్ట్రైక్ ఏ పెద్ద కంపెనీ పుట్టించింది? ఇద్దరు కుర్రోళ్లు వేరే ఆట మీద ఒళ్లు వంచి చేసిన మార్పు అది, 1999లో. పీసీ తెరిచి పెట్టినారు కాబట్టే పుట్టింది. అయితే కన్సోలోళ్లను చూసి నేను కుళ్లుకునింది ఒక్కదానికి, డిస్కుకు. మా ప్రొద్దుటూరు బామ్మర్దికి సోనీ వాళ్ల కన్సోల్ పీఎస్5 ఉంది. ఐదువేలు పెట్టి ఆట కొంటాడు, ఆడేసి డిస్కు ఇంకొకనికి అమ్మేస్తాడు. లేదంటే బస్సులో ఎవరితోనో మా ఊర్లో స్నేహితునికి పంపిస్తాడు. ఆ డిస్కు మనదైనందుకే కదా చేతులు మారేది.

2013లో ఎక్స్‌బాక్స్ వన్ అనే తన కన్సోల్ తెచ్చేటప్పుడు మైక్రోసాఫ్ట్ దాని మీదనే చేయి పెట్టింది. రోజుకొకసారి నెట్‌లో హాజరు పడాల, పాత డిస్కుల అమ్మకానికి షరతులు అన్నది. సోనీ వాళ్లు ఒక చిన్న వీడియో వదిలినారు, పీఎస్4లో ఆట ఇచ్చిపుచ్చుకునే విధానం అని. ఒకాయన డబ్బా ఇస్తాడు, ఇంకొకాయన థాంక్స్ అంటాడు. అయిపాయ వీడియో! లోకమంతా నవ్వింది, మైక్రోసాఫ్ట్ ఆ నెల్లోనే వెనక్కి తగ్గింది. మరి అదే సోనీ 2024లో పీఎస్5 ప్రో తెచ్చి డిస్కు పెట్టే డ్రైవ్ విడిగా కొనుక్కోమన్నది. 2025లో వచ్చిన నింటెండో కన్సోల్ స్విచ్ 2కు కొన్ని ఆటల కార్డుల్లో ఆటే ఉండదు, డౌన్‌లోడ్‌కు తాళంచెవి మాత్రం ఉంటాది. నవ్విన నాపచేనే పండుతుంది అంటారు గానీ, ఇక్కడ నవ్వినోళ్లే ఆ చేను దున్నుతాండారు.

పిల్లోళ్లూ, చేతులెత్తండి. డబ్బులిచ్చి ఆటలో గన్ను రంగో, డ్రెస్సో కొన్నోళ్లు ఎవరు? ఎత్తండి, మీ నాయనకు చెప్పనులే. ... శానామందే ఉండారు. ఆ డ్రెస్సు మీ తమ్మునికి ఇయ్యగలరా? లేదు కదా. సార్, చూసినారా, ఇందుకే ఈ మాట గ్రంథాలయంలో చెప్పాల. ఈ లైబ్రరీ ఎట్లా నడుస్తాంది? ఒక పుస్తకం కొని వెయ్యిమందికి ఇస్తారు. కొన్న వస్తువు మనది కాకపోతే లైబ్రరీ అనేదే లేదు.

మన ఊరికి 1820లో ఒక తెల్లదొర ఉద్యోగానికి వచ్చినాడు. సి.పి. బ్రౌన్. చెదలు తింటున్న తాటాకులు ఏరి, పండితులకు జీతాలిచ్చి రాయించి, వేమన పద్యాలు 1829లో అచ్చేయించినాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు పరిశోధన కేంద్రం ఉంది, మీరందరూ పోయినారు. పద్యాలతో ఆటలను పోలుస్తావా అని మాస్టారు కోప్పడతాండారు. పోల్చను మాస్టారూ. చెదలను మాత్రం పోలుస్తా. అమెరికాలో 2010కి ముందొచ్చిన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా అంగట్లో లేవని 2023లో అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తీసింది. ఆ పాత ఆటలను దూరాన ఉన్న పరిశోధకులకు నెట్‌లో చూపిస్తామని లైబ్రరీలు అడిగితే 2024లో అక్కడి కాపీరైట్ ఆఫీసు కుదరదన్నది. తాటాకుకు చెదలు పట్టినా బ్రౌన్ చేతికి కొన్ని ఆకులన్నా దొరికినాయి. సర్వర్‌కు చెద పడితే ఏరుకునేదానికి ఆకే ఉండదు.

సారు గడియారం చూస్తాండారు. అట్టపెట్టె తెరుస్తా. ఇవి నా ఒరిజినల్ సీడీలు, బిల్లులతో సహా, పంతొమ్మిది. ఆడని ఆ ఒక్కటి కూడా ఉంది, దాన్ని కూడా పెట్టండి సార్. లైబ్రరీ రిజిస్టరులో ఎక్కించి నంబరు వేస్తేనే ఇస్తా, ఊరికే బీరువా మీద పెట్టేదానికి కాదు. ఇది మా అమ్మ 1996లో వైవీ స్ట్రీట్‌లో కొనిచ్చిన వీడియో గేమ్. కాసెట్లో కాంట్రా అనే ఆట. ఇదీ డూప్లికేటేనని నాకు పెద్దయినాకనే తెలిసింది, దీనికి నంబరు వేయొద్దులే సార్.

ఎవరన్నా ఆ టీవీ వెనక పక్కకు పొండి నాయనా. పసుపు వైరు పసుపుదాంట్లో, తెల్లది తెల్లదాంట్లో. వస్తాందా? కాసెట్ తీసి ఊది పెట్టు. ఊ, వచ్చె. ఇద్దరిద్దరు రండి. మనిషికి మూడు లైఫులు, అయిపోతే జాయ్‌స్టిక్ పక్కనోనికి ఇచ్చేయాల.