మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి

(హైదరాబాద్‌లోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, పెద్దవాళ్ల కంప్యూటర్ క్లాసుల మొదటి రోజు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

కంప్యూటర్లో ఉత్తరాలు, దరఖాస్తులు టైపు చేసుకునే వర్డ్ అనే ప్రోగ్రామ్ గురించి నాలుగు ముక్కలు చెప్పమని పిలిచారు, చెప్తాను. ముందు మాత్రం వెనకాల నిలబడ్డ వాలంటీర్ పిల్లలతో మాట్లాడాలి. ఆదివారం నిద్ర మానుకుని వచ్చారు, చాలా సంతోషం. ఒక్కటే అడుగుతున్నాను, నేర్చుకునేవాళ్ల చేతిలోంచి మౌస్ లాక్కోకండి. "ఉండండాంటీ, నేను చేస్తా" అని మీరు టకటకా నాలుగు నొక్కితే పని అయిపోతుంది, నిజమే. కానీ ఆవిడకి ఏం తెలిసింది? తనకి రాదని తెలిసింది, అంతే.

ఇది నాకెందుకింత పట్టుదలంటే, నేను టైపు నేర్పిన మనిషిని. నారాయణగూడ, చిక్కడపల్లి వైపు అప్పట్లో పొద్దున్నే ఇన్‌స్టిట్యూట్లు తెరిచేవాళ్లు, లోయర్, హయ్యర్ పరీక్షలకి పిల్లలు బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా వచ్చేవాళ్లు. టైపు మెషిన్ మీద హెడ్డింగ్ మధ్యలోకి రావాలంటే ఏం చేసేవాళ్లమో తెలుసా? క్యారేజీని కాగితం నడిమధ్యకి తెచ్చి, హెడ్డింగ్‌లో ప్రతి రెండు అక్షరాలకీ ఒకసారి బ్యాక్‌స్పేస్ కొట్టి, అక్కణ్ణుంచి టైపు చేసేవాళ్లం. లైను చివరికొస్తుంటే గంట మోగేది, లివర్ తోసి కింది లైనుకి వెళ్లాలి. అలా పాతికేళ్లు పనిచేసిన చేతులు కంప్యూటర్ ముందు కూర్చుంటే ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టవా? హెడ్డింగ్ కోసం స్పేస్‌బార్ కొట్టుకుంటూ పోవా? కొడతాయి. దాన్ని చూసి ఎవరూ నవ్వకూడదు, కారణం చెప్పాలి. వర్డ్‌లో లైను నిండగానే అక్షరాలు వాటంతటవే కిందికి దిగుతాయి, ఎంటర్ పేరా అయిపోయినప్పుడే. లైను లైనుకీ ఎంటర్ కొట్టిన ఉత్తరంలో తర్వాత మధ్యలో రెండు మాటలు చేర్చి చూడండి, లైన్లన్నీ ఎక్కడికక్కడ విరిగిపోతాయి.

ఆఫీసులో మా పక్క సీట్లో ఒకావిడ ఉండేవారు, అందరం అక్కా అని పిలిచేవాళ్లం. తెలుగు, ఇంగ్లీషు రెండింట్లోనూ హయ్యర్ పాసైన మనిషి. ఆఫీసు పేరు చెప్పను. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఒక కుర్రాడొచ్చి ఆవిడ వెనక నిలబడి, భుజం మీదుగా చెయ్యి చాపి, ఆవిడ మౌస్ పట్టుకోకముందే అంతా తనే చేసి చూపించి, "మీకు కష్టం లెండి మేడమ్" అన్నాడు. మర్నాటి నుంచి ఆవిడ్ని ఇన్‌వర్డ్ రిజిస్టర్, అంటే వచ్చిన ఉత్తరాల పద్దు, రాయడానికి కూర్చోబెట్టారు. చూడకుండా పేజీలకి పేజీలు కొట్టే చేతుల్ని! నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆవిడకి కావలసిందల్లా పక్కన కూర్చుని "ఇక్కడ నొక్కండి, ఏమైందో చూడండి" అనే మనిషి.

ఇంకో సంగతి. అప్పట్లో నోట్సు రాయించేవాళ్లు, మూడో మెనూ, ఐదో లైను అని బట్టీ పట్టించేవాళ్లు. వర్డ్ 2007 వచ్చేసరికి పైన ఫైల్, ఎడిట్, వ్యూ అన్న మెనూలు పోయి రిబ్బన్, అంటే బొమ్మల బటన్ల పట్టీ, వచ్చింది, ఫైల్ స్థానంలో గుండ్రటి బటన్ పెట్టారు. 2010లో మళ్లీ ఫైల్ అన్న మాట తిరిగొచ్చింది. బట్టీ పట్టినవాళ్లు ఏమైపోవాలి? అందుకే స్క్రీన్ చదవడం నేర్పండి. పైన ఫైలు పేరు ఉంటుంది, ఇంకా సేవ్ చేయకపోతే డాక్యుమెంట్1 అని ఉంటుంది, అది కనబడితే కంట్రోల్ ఎస్ కొట్టి ఫైలుకి ఒక పేరు పెట్టుకోండి. కింద పేజీల లెక్క, పదాల లెక్క. నిలువుగా మినుకుమినుకుమనే గీత ఎక్కడుంటే అక్షరం అక్కడే పడుతుంది, మౌస్ బాణం ఎక్కడున్నా సరే. ఈ తేడా మొదటి రోజు చెప్పకపోతే మూడో రోజు దాకా కుస్తీయే.

పైన హోమ్ అని రాసున్న ట్యాబ్‌లో ఇంగ్లీషు పి అక్షరాన్ని అటు తిప్పి పెట్టినట్టు ఒక గుర్తుంటుంది. అది నొక్కండి. ఎంటర్ కొట్టిన ప్రతిచోటా ఆ గుర్తు, స్పేస్ కొట్టిన ప్రతిచోటా ఒక చుక్క కనబడతాయి, ప్రింట్‌లో మాత్రం రావు. వర్డ్ లాంటిదే ఇంకోటి, లిబ్రేఆఫీస్ రైటర్ అని ఉంది, దాంట్లో అయితే కంట్రోల్ ఎఫ్10 కొట్టాలి. డబ్బు పెట్టి కొనక్కర్లేదు కాబట్టి ఈ క్లాసులో కొన్ని సిస్టమ్స్‌లో అదే వేశాం. నన్నడిగితే ఇదే మొదటి పాఠం కావాలి, ఫాంట్లూ రంగులూ తర్వాత.

తెలుగు టైపింగ్ ఇవాళ్టి విషయం కాదుగానీ ఒక్క మాట చెప్పాలి. డీటీపీ షాపులో కొట్టించిన దరఖాస్తు ఇంట్లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనబడతాయని చాలామంది బాధపడతారు. అవి పాత పద్ధతి ఫాంట్లు, ఆ ఫాంటు మీ సిస్టమ్‌లో లేకపోతే అక్షరాలు రావు. యూనికోడ్‌లో, అంటే అన్ని సిస్టమ్స్‌కీ ఒకటే అయిన అక్షరాల పద్ధతిలో, కొడితే ఫోన్లో కూడా తెలుగుగానే కనబడుతుంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు చేర్చుకుని, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. వచ్చే వారం అదే చేద్దాం.

అమ్మా, ముందు వరసలో మీరు భయపడుతున్నట్టున్నారు. ఏదైనా పోతే కంట్రోల్ జెడ్ ఉంది, చేసింది వెనక్కొస్తుంది. పైన హోమ్ లాంటి ట్యాబ్ పేరు మీద మౌస్‌తో పొరపాటున రెండుసార్లు నొక్కితే పైనున్న బొమ్మలన్నీ మాయమవుతాయి, టెన్షన్ పడకండి, కంట్రోల్ ఎఫ్1 కొడితే వచ్చేస్తాయి.

ఇక మొదలుపెడదాం. ఒక్కో సిస్టమ్‌కి ఇద్దరు కూర్చోండి. వాలంటీర్లు పక్క కుర్చీలో కూర్చోవాలి, వెనక నిలబడొద్దు. అందరూ ముందు మీ పేరు, మీ వీధి పేరు కొట్టండి, తర్వాత ఆ తిరగేసిన పి నొక్కి నన్ను పిలవండి.