కాటా చెప్పిన బరువు, సాకెట్ విన్న బరువు

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, కందుకూరు, కావలి, దర్శి, మార్కాపురం నుంచి పొద్దున్నే బస్సులు పట్టుకుని ఒంగోలు దాకా వచ్చిన విద్యార్థులకు నమస్కారం. నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. వ్యవధి తక్కువ కనుక నేరుగా విషయంలోకి వస్తాను. సంస్థల్లో ఒక సాఫ్ట్‌వేర్ మాటను మరోదానికి చేర్చడానికి వాడే మెసేజ్ బస్‌కు సొంతంగా సాకెట్ కాంపొనెంట్ రాయడం, అంటే నెట్‌వర్క్ కనెక్షన్ మీద బయటి యంత్రం పంపేదాన్ని బస్‌కు అందించే భాగాన్ని రాయడం, నాకిచ్చిన అంశం. దాన్ని నేను చీమకుర్తి దగ్గరి ఒక కాటా గదిలో మొదలుపెడతాను. ఈ పనిలో నాకు తెలిసినదంతా అక్కడే తెలిసింది, అక్కడే నా వల్ల ఒక పెద్దాయనకు అన్యాయం జరిగింది.

ఒక గ్రానైట్ సంస్థలో కాటాకు ఒక సాఫ్ట్‌వేర్, బిల్లులకు ఒకటి, పర్మిట్లకు ఒకటి, లారీల రాకపోకలకు ఇంకొకటి ఉండేవి. ప్రతి రెండింటి మధ్యా విడిగా దారి వేసే బదులు నడుమ ఒక బస్ పెట్టి, అందరూ దానికే చెప్పి, దాని దగ్గరే వినాలని నిర్ణయించాం. దానికి ఇలా సాఫ్ట్‌వేర్లను కలిపే జావా సాధనమైన అపాచీ కామెల్‌ను ఎంచుకున్నాం. ఫైళ్ళకు, క్యూలకు, వెబ్ సర్వీసులకు అందులో సిద్ధంగా ఉన్న కాంపొనెంట్లు ఎన్నో ఉన్నాయి. బరువును ఎర్ర అంకెల్లో చూపే మా కాటా ఇండికేటర్ మాత్రం సీరియల్ తీగ మీద తన సొంత భాషే మాట్లాడుతుంది, ఆ తీగను ఒక కన్వర్టర్ పెట్టె నెట్‌వర్క్‌కు కలుపుతుంది. ఆ భాష తెలిసిన కాంపొనెంట్ రాయడం నా వంతు అయింది.

రాయడంలో నిర్మాణం కష్టమైనది కాదు. కాంపొనెంట్ చిరునామా చదివి, ఆ చోటికి ప్రతినిధి అయిన ఎండ్‌పాయింట్‌ను తయారుచేస్తుంది, ఎండ్‌పాయింట్ నుంచి బయటి మాట వినే కన్స్యూమర్, బయటికి పంపే ప్రొడ్యూసర్ పుడతాయి, కన్స్యూమర్ బయటి నుంచి వచ్చినదాన్ని ఎక్స్‌ఛేంజ్ అనే సంచిలో పెట్టి, సందేశం నడిచే దారి అయిన రూట్‌లోకి పంపుతుంది. రెండు రోజులు కూర్చుంటే ఇదంతా వస్తుంది. నేను తప్పు చేసింది ఒకే ఒక్క వాక్యంలో, సాకెట్ నుంచి రీడ్ చేసే వాక్యంలో.

మా ఇండికేటర్ పంపే సందేశం 9 బైట్లు: మొదట 02 అనే బైటు, తర్వాత కూడిక గుర్తు, ఆరు అంకెల బరువు, చివర 03 అనే బైటు. నేను ఒకసారి రీడ్ చేశాను, మొదటి బైటు 02 అవునా కాదా చూశాను, మిగిలిన అంకెలను బరువుగా మార్చాను. చివరి 03 వచ్చిందా అని చూడలేదు. ఆఫీసులో నా యంత్రం మీదే కాటాలా నటించే ప్రోగ్రాం పెట్టి వందల సార్లు పరీక్షించాను. అది 9 బైట్లనూ ఒకేసారి రాసేది, నాకు ఒకేసారి అందేవి. అందుకే అంతా సరిగ్గా ఉందని నమ్మాను.

మూడు నెలల తర్వాత ఆడిట్‌లో 11 ఎంట్రీలు బయటపడ్డాయి. బస్ ఇచ్చిన బరువు ఒకటి, కాటా గుమాస్తా చేత్తో సరిదిద్ది రాసినది ఒకటి. రాళ్ళతో నిండిన ట్రైలర్‌కు బస్ 42 కిలోలని చెప్పింది, ఆయన 42,560 అని దిద్దారు. యంత్రం ఇచ్చిన అంకెను మనిషి మార్చాడు కాబట్టి అనుమానం మనిషి మీదికే పోయింది. మిగిలిన దిద్దుబాట్లలో ఏమేం చేశాడో అన్నారు. ఆయన్ని కాటా నుంచి తప్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు. నేను ప్రోగ్రాం తన పనిని రాసుకునే లాగ్ ఫైళ్ళ కోసం వెళ్ళిన రోజు ఆయన నా దగ్గరకొచ్చి, “సార్, ఎర్ర అంకెలు నా కళ్ళతో చూసి రాశా. అంత రాయి ఉన్న బండి నలభై రెండు కిలోలు ఎట్టా తూగిద్ది?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి లాగ్ తెరిచాను. ఒక వరుసలో 042 ఉంది. దాని కిందనే, అదే సెకనులో, ‘ఆరంభపు బైటు లేదు, వదిలేశాను’ అనే హెచ్చరికతో 560 ఉంది. ఆ హెచ్చరిక రాయించింది నేనే, మూడు నెలలుగా దాన్ని చదవనిదీ నేనే. రెండింటినీ కాగితం మీద పక్కపక్కన రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

కారణం ఇది. సీరియల్ తీగ సెకనుకు 9600 బిట్ల వేగంతో నడుస్తుంది. ఒక్కో బైటుకు 10 బిట్లు పడతాయి కనుక సెకనుకు 960 బైట్లు, అంటే మన 9 బైట్లకు 9 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కన్వర్టర్ తన గడువు ముగియగానే అప్పటికి చేతిలో ఉన్నవాటిని ఒక ప్యాకెట్‌గా పంపేస్తుంది. ఆ గడువు సందేశం మధ్యలో పడినప్పుడల్లా బరువు రెండు ముక్కలయ్యేది.

విద్యార్థులారా, ఈ ఒక్క మాట దయచేసి రాసుకోండి: నెట్‌వర్క్ మీద మన బైట్లను చేరవేసే నియమావళి అయిన టీసీపీకి మీ సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. 1981 సెప్టెంబరులో వచ్చిన, టీసీపీని నిర్వచించే పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 793లోనూ, దాని స్థానంలో 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9293లోనూ టీసీపీ ఇచ్చే హామీ బైట్ల ధారకే: కనెక్షన్ నిలిచి ఉన్నంతవరకు బైట్లు వరుస తప్పకుండా చేరతాయి. బిందెలతో పోసిన నీళ్ళను కాలవ అవతలి మడికి చేరుస్తుంది గాని, ఎన్ని బిందెలు పోశారో గుర్తుపెట్టుకోదు. హద్దు గుర్తించే పని కాంపొనెంట్ రాసేవారిదే. వచ్చినదాన్ని బఫర్ అనే తాత్కాలిక మెమరీలో కూడబెట్టాలి, 03 కనబడేదాకా ఆగాలి, దాని తర్వాత మిగిలిన బైట్లను పారేయకుండా తర్వాతి సందేశానికి దాచాలి.

ముగింపు బైటుకు బదులు ముందుగా పొడవు చెప్పే పద్ధతి కూడా ఉంది. అందులో రెండు చోట్ల జాగ్రత్త పడండి. పొడవును అక్షరాల్లో కాదు, బైట్లలో లెక్కపెట్టాలి: ‘నెల్లూరు’ అన్న పేరులో యూనికోడ్ లెక్కన 8 సంకేతాలు ఉంటే, యూటీఎఫ్-8లో అది 24 బైట్లు. 8 అని చెప్పి పంపితే అవతలివారు మూడో సంకేతం మధ్యలోనే కోస్తారు. రెండోది బైట్ల వరుస. ఇంటెల్ యంత్రం మీది ప్రోగ్రాం 300 అనే నాలుగు బైట్ల పొడవును తన వరుసలోనే, అంటే చిన్న విలువ బైటు ముందుగా, పంపితే, నెట్‌వర్క్ వరుసలో, అంటే పెద్ద విలువ బైటు ముందుగా, చదివే జావాకు అది 73,82,63,040గా కనబడుతుంది. గరిష్ఠ పరిమితి పెట్టకపోతే మీ కాంపొనెంట్ అంత మెమరీ అడిగి బస్‌నంతటినీ కూలదోస్తుంది.

కరెంటు పోయే ఊళ్ళలో ఇంకొకటి. కన్వర్టర్‌కు కరెంటు పోతే అది వీడ్కోలు చెప్పదు, మన రీడ్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. అవతలివారు ఉన్నారా అని అడిగే కీప్‌అలైవ్‌ను ఆన్ చేసినా లైనక్స్‌లో మొదటి విచారణ 7200 సెకన్ల తర్వాతే వెళుతుంది. రెండు గంటలు బండ్లు వరుసలో ఆగలేవు కనుక రీడ్‌కు మీరే గడువు పెట్టండి.

ఆ 11 ఎంట్రీలకూ లాగ్‌లోని రెండు ముక్కలను జతచేసి, తప్పు నా కాంపొనెంట్‌దని సంతకం పెట్టి నివేదిక ఇచ్చాను. ఆ పెద్దాయన మీది మాట తొలగించారు గాని, అప్పటికే ఆయన పని మానేశారు. ఇంటికి వెళ్ళి ఆ కాగితం చూపించి క్షమాపణ అడిగాను. ఆయన రెండు వరుసలనూ వేలితో తడిమి, “ఇది అప్పుడే చూసుంటే బాగుండేది నాయనా” అన్నారు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో మీరు రాసే కాంపొనెంట్‌కు ఆ 9 బైట్ల సందేశాన్నే పంపుతాను. ముందు 8 చోట్ల 8 రకాలుగా విరిచి, తర్వాత ఒక్కొక్క బైటుగా, ఆపైన రెండు సందేశాలను ఒకదానికొకటి అంటించి. ప్రతిసారీ మీ తెర మీద 42,560 రావాలి.