ఒకే స్క్రిప్ట్, మూడు మిషన్లు: మీ షెల్ స్క్రిప్ట్ పక్క సిస్టంలో ఎందుకు ఆగిపోతుంది?

[తెర మీద: మూడు టెర్మినల్ విండోలు. ఉబుంటు, మ్యాక్, ఆల్పైన్. ఒక్క ఉబుంటులోనే లెక్క వచ్చింది.]

నమస్తే అండి. పలాసలో ఒక జీడిపప్పు కొట్టు ఉందనుకుందాం. ఏ గ్రేడు ఎన్ని డబ్బాలు పోయాయో రోజూ ఒక టెక్స్ట్ ఫైల్లో రాస్తారు. తేదీ, గ్రేడు, డబ్బాలు, కొన్నవాళ్ల ఊరు, మధ్యలో కామాలు. రాత్రి 2 గంటలకు ఒక షెల్ స్క్రిప్ట్ (కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైల్) లేచి, నిన్నటి అమ్మకాలు ఏరి, 240 ఎంత, 320 ఎంత అని గ్రేడుల వారీగా కూడి పెడుతుంది. అది రాసింది శ్రీకాకుళంలో ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు, తన ఉబుంటు లినక్స్ లాప్‌టాప్‌లో.

బెంగళూరు నుంచి వచ్చిన మావయ్య కూతురు అదే స్క్రిప్ట్ తన మ్యాక్‌లో నడిపితే ఎర్రర్ల మీద ఎర్రర్లు. పోనీ అని క్లౌడ్‌లో ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఉన్న కంటైనర్‌లో (ప్రోగ్రాం నడిపే విడి గది లాంటిది) పెడితే అసలు మొదలే కాలేదు. "ఏటి అల్లుడూ, నీ మిషన్లో బాగానే నడిచింది కదా?" అంటాడు మావయ్య. నడిచింది. తప్పెక్కడుందో ఒక్కొక్కటీ చూద్దాం.

[తెర మీద: ఆల్పైన్ విండో. "నాట్ ఫౌండ్" ఎర్రర్.]

ముందు ఆల్పైన్. ఫైల్ కళ్లముందే ఉంది, సిస్టం మాత్రం దొరకలేదంటోంది. నిజానికి దొరకనిది స్క్రిప్ట్ కాదు, దాన్ని చదివి నడపాల్సిన బాష్ అనే షెల్. మొదటి లైన్లో స్లాష్ బిన్ స్లాష్ బాష్ అని రాశాడు. ఆల్పైన్‌లో బాష్ ముందుగా ఉండదు, బిజీబాక్స్ అనే చిన్న కమాండ్ల కట్టలోని షెల్ ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా సిస్టంలో అయితే బాష్‌ను మనమే వేసుకోవాలి, వేసుకున్నా అది యూఎస్ఆర్ లోకల్ బిన్‌లోకి వెళ్తుంది. విండోస్ నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన స్క్రిప్ట్‌కి కూడా ఇలాంటి ఎర్రరే రావచ్చు. లైన్ చివర కనిపించని ఒక అక్షరం చేరి, షెల్ పేరునే మార్చేస్తుంది.

మరి ఎస్‌హెచ్ అని రాస్తే? అది అన్నిచోట్లా ఉంటుంది. కానీ ఆ పేరు వెనక ఉన్న షెల్ అన్నిచోట్లా ఒకటి కాదు. 1979లో ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో బోర్న్ షెల్ వచ్చింది. 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ వచ్చింది. లినక్స్‌లో చాలాకాలం ఎస్‌హెచ్ అంటే బాషే. 2006లో ఉబుంటు 6.10 ఆ పేరు వెనక నుంచి దాన్ని తీసి, చిన్నగా, వేగంగా ఉండే డాష్‌ని పెట్టింది. అప్పటిదాకా ఎస్‌హెచ్ పేరు పెట్టుకుని బాష్ సరుకు వాడేసిన స్క్రిప్టులన్నీ బయటపడ్డాయి. ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో సిస్టంలో అదే పేరుతో ఉండేది కార్న్ షెల్ కుటుంబానిది.

వీళ్లందరూ ఒప్పుకున్న ఉమ్మడి భాష పోసిక్స్. మొదటి ప్రమాణం 1988లో, షెల్‌కీ కమాండ్లకీ సంబంధించిన భాగం 1992లో వచ్చాయి. తాజా కూర్పు 2024ది. మీరు రాసింది అందులో ఉంటే ధైర్యంగా ఉండొచ్చు.

[తెర మీద: [[ ]] ఎర్రగా, [ ] పచ్చగా.]

అందులో లేనివి గబగబా చెప్పేస్తాను. రెండేసి బ్రాకెట్లు వద్దు, ఒక్కొక్కటి చాలు. పోల్చడానికి == వద్దు, ఒక్క = చాలు. సోర్స్ అనే మాట బదులు ఒక చుక్క. ఎకో మైనస్ ఈ అసలు వద్దు, డాష్‌లో ఆ మైనస్ ఈ కూడా తెర మీద అచ్చవుతుంది. ప్రింట్‌ఎఫ్ వాడండి.

ఇప్పుడు మ్యాక్. అందులో బాష్ ఉంది, కానీ 3.2 వెర్షన్. 2009లో వచ్చిన బాష్ 4 కొత్త జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది. యాపిల్ దాన్ని తీసుకోలేదు. 2019లో కెటలీనాతో డీఫాల్ట్ షెల్‌ని జెడ్‌షెల్‌కి మార్చింది, పాత బాష్‌ని అలాగే ఉంచింది. మన అబ్బాయి గ్రేడుల మొత్తాల కోసం వాడింది బాష్ 4లో వచ్చిన అసోసియేటివ్ అరే, అంటే పేరు చెబితే విలువ ఇచ్చే పట్టిక. మ్యాక్‌కి అదేమిటో తెలియదు.

ఇలాంటి చోట షెల్‌తో కుస్తీ పట్టక్కర్లేదు, గడులున్న టెక్స్ట్‌ని లెక్కకట్టే ఆక్ అనే కమాండ్ ఉంది. దాని అరేలు పుట్టుకతోనే అసోసియేటివ్, పోసిక్స్‌లో కూడా ఉన్నాయి. కామా దగ్గర విడదీసి, రెండో గడిలోని గ్రేడు పేరు మీద మూడో గడిలోని డబ్బాలు కూడుతూ పోతే సరి. నన్నడిగితే పోర్టబుల్ (ఏ సిస్టంలోనైనా నడిచే) స్క్రిప్టులు రాసేవాళ్లు షెల్ కన్నా ముందు ఆక్ నేర్చుకోవాలి.

షెల్ మారితే వచ్చే తంటాలు ఇంతే. అసలు తలనొప్పి షెల్ పిలిచే కమాండ్లతో.

[తెర మీద: డేట్ కమాండ్, మూడు విండోల్లో.]

"నిన్నటి తేదీ" కావాలి. ఉబుంటులో డేట్ మైనస్ డీ యెస్టర్‌డే అంటే ఇచ్చేస్తుంది. మ్యాక్‌లో ఆ పద్ధతి లేదు, మైనస్ వీ అని వేరే ఉంది. బిజీబాక్స్‌లో మైనస్ డీ ఉంది గానీ యెస్టర్‌డే అన్న మాట అర్థం కాదు. పోసిక్స్‌లో చూద్దామంటే డేట్‌కి కూడికలు, తీసివేతలు లేనే లేవు. పైగా కంటైనర్ గడియారం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. ఇక్కడ రాత్రి 2 గంటలైతే అక్కడ ఇంకా ముందురోజు రాత్రి 8:30.

ఈ రెండు సమస్యలకీ ఒకే మందు, నాకు చాలా ఇష్టమైనది. టీజెడ్ అనే వేరియబుల్‌లో టైం జోన్‌ని మనమే చెప్పొచ్చు. మన సమయం యూటీసీ కంటే 5:30 గంటలు ముందు. 24 గంటలు వెనక్కి వెళ్తే యూటీసీ కంటే 18:30 గంటలు వెనక. పోసిక్స్ పద్ధతిలో గుర్తు తిరగబడుతుంది, వెనక ఉన్నదే ప్లస్. అంటే టీజెడ్ ఈక్వల్ టు ఐఎస్‌టీ, దానికి అంటించి 18:30, ఒక స్పేస్, తర్వాత డేట్. అంతే. పలాసలో నిన్నటి తేదీ మూడు సిస్టంలలోనూ వస్తుంది, కంటైనర్‌లో టైం జోన్ ఫైళ్లు లేకపోయినా వస్తుంది. మన దేశంలో ఎండాకాలానికి గడియారం మార్చే గొడవ లేదు కాబట్టి ఈ లెక్క ఏడాది పొడవునా నిలుస్తుంది. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య సర్వర్‌కి మాత్రం పెట్టకండి.

ఫైల్లోని రాతను అక్కడికక్కడే మార్చే సెడ్ మైనస్ ఐ సంగతి చాలామందికి తెలిసిందే. మ్యాక్‌లో దాని పక్కన బ్యాకప్ ఫైల్ తోక అడుగుతుంది, ఉబుంటులో ఉండే గ్నూ సెడ్‌లో అక్కర్లేదు. అది మానేసి, ఫలితాన్ని కొత్త ఫైల్లో రాసి, పేరు మార్చేయండి.

[తెర మీద: "శ్రీకాకుళం", కింద పది చిన్న పెట్టెలు.]

ఇది మాత్రం తెలుగువాళ్లకే ఎక్కువ తగిలే దెబ్బ. కొన్నవాళ్ల ఊరు తెలుగులో ఉంది, మొదటి నాలుగు అక్షరాలు కావాలి, మన అబ్బాయి అక్షరాల లెక్కన ముక్క కోసే కట్ మైనస్ సీ వాడాడు. "శ్రీకాకుళం" యూనికోడ్‌లో పది కోడ్ పాయింట్లు (విడివిడి గుర్తులు), యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 30. మ్యాక్‌లో లొకేల్ (భాష సెట్టింగ్) సరిగ్గా ఉంటే నాలుగు కోడ్ పాయింట్లు లెక్కపెట్టి "శ్రీ" ఇస్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఏళ్లుగా ఉన్న గ్నూ కట్ నాలుగు బైట్లే ఇస్తుంది: "శ", దాని వెనక విరిగిన ముక్క. ఎర్రర్ రాదు, ఫైల్లో చెత్త చేరుతుంది. తెలుగు మాటను అక్షరాల లెక్కన షెల్‌లో కోయొద్దు. గడుల మధ్య కామా ఉంది కదా, అక్కడ కోయండి. కామా ఒక్క బైటు, ఎక్కడా మోసం చేయదు.

అన్నట్టు, ప్రతి స్క్రిప్ట్‌కీ ఇంత టెన్షన్ పడక్కర్లేదు. ఒకే సర్వర్‌లో నడిచేదైతే మొదటి లైన్లో బాష్ అని రాసి, బాష్ సుఖాలన్నీ అనుభవించండి. ఎస్‌హెచ్ అని రాసి లోపల బాష్ వాడటమే కూడదు.

పరీక్షకి షెల్‌చెక్ అనే ఉచిత టూల్ ఉంది. మొదటి లైన్లో ఎస్‌హెచ్ ఉంటే, పోసిక్స్‌లో లేని షెల్ రాతలను అదే చూపిస్తుంది. కానీ ఏ కమాండ్‌కి ఏ సిస్టంలో ఏ ఆప్షన్ ఉందో దానికి అంతగా తెలియదు, అది నడిపే చూడాలి. డాష్‌లో ఒకసారి, ఆల్పైన్ కంటైనర్‌లో ఒకసారి. మ్యాక్ కొనే స్తోమత లేకపోతే వర్చువల్ మిషన్‌లో ఫ్రీబీఎస్‌డీ వేసుకోండి, డబ్బులు అక్కర్లేదు. మ్యాక్ కమాండ్లు చాలావరకు ఆ కుటుంబానివే కాబట్టి, డేట్ లాంటివి ఎక్కడ తన్నుతాయో అందులోనే తెలిసిపోతుంది.