నాయినా పిల్లలూ కలిసి బాగుచేసుకోవడానికి పాత మారుతి 800 ఎట్లుంటుంది? మా రివ్యూ

నమస్తే అందరికీ, నల్లగొండ నుంచి. ఇవాళ్టి బండి ఏ షోరూంలోనూ దొరకదు. 1997 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ (పెట్రోలులో గాలి కలిపే భాగం) ఉన్న బండి, ఏపీ 24 నంబరు, అంటే మన ఉమ్మడి నల్లగొండ జిల్లా పాత నంబరు. మైలేజీ, పికప్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లో నాయినా పిల్లలూ కలిసి పాత కారు ఒకటి విప్పి బాగుచేసుకోవాలనుకుంటే దీన్ని తీసుకోవచ్చా, నేను చెప్పేది అదొక్కటే. మా నాయినా నేనూ ఈ బండి మీదే పని చేస్తున్నాం.

బోనెట్ లేపి చూపిస్తా, చూడండి. 796 సీసీ, మూడు సిలిండర్లు. కార్బొరేటర్, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, ప్లగ్గులు, ఫ్యాన్ బెల్టు అన్నీ కంటి ముందే ఉన్నాయి. పెట్రోలు ఎటునుంచి వస్తోంది, నిప్పురవ్వ ఎక్కడ పుడుతోంది, గాలి ఎక్కడ కలుస్తోంది అని పిల్లలకు వేలు పెట్టి చూపించొచ్చు. 2000 ప్రాంతంలో వచ్చిన ఎంపీఎఫ్ఐ 800 (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే బండి) కూడా మంచిదే, చలికాలం పొద్దున స్టార్టింగ్ ఇంకా బాగుంటుంది, కానీ అందులో సగం సంగతి కంప్యూటర్ డబ్బాలో ఉంటుంది. నేర్చుకోవడానికి నా ఓటు కార్బొరేటర్‌కే.

మా నాయిన మనసు మొదట అంబాసిడర్ మీద ఉండె. అందమైన బండే, కాదనను. కానీ దాని గేర్‌బాక్స్ దించడం పెద్ద పని. 800 మొత్తం బరువే దాదాపు 650 కిలోలు, చక్రాలు 12 అంగుళాలవి, ఆరో ఏడో తరగతి చదివే పిల్ల కూడా చక్రం విప్పి పక్కన పెట్టగలదు. పైగా 1983 నుంచి 2014 దాకా తయారైన బండి కాబట్టి ప్లగ్గులు, బ్రేక్ షూలు, క్లచ్ కేబుల్ ఇక్కడే దొరుకుతాయి. లేనివాటికి హైదరాబాద్ రాణిగంజ్ పోవాలి, అది కూడా ఇద్దరూ కలిసి పోతే మంచి ప్రయాణమే.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన పని బ్రేకుల్లో గాలి తీయడం. దీన్ని ఒక్కరు చేయడం కష్టం, ఇద్దరుంటేనే సాఫీగా సాగుతుంది. ఒకరు లోపల కూర్చుని పెడల్ నాలుగైదు సార్లు కొట్టి గట్టిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని నిప్పిల్ (గాలి వదిలే చిన్న స్క్రూ) కొంచెం వదులు చేస్తే పైపులోంచి బుడగలతో ఫ్లూయిడ్ వస్తుంది, మళ్లీ నిప్పిల్ బిగించి "వదులు" అన్నాకే కాలు తీయాలి. ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. "తొక్కు బిడ్డా... పట్టు... పట్టు... ఆ, వదులు." నాలుగు చక్రాలకూ ఇదే మాట. మామూలుగా మా నాయిన నాతో ఎక్కువ మాట్లాడడు, తిన్నావా, ఫీజు కట్టినవా, అంతే. బండి కింద పడుకున్నప్పుడు మాత్రం మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనిచేసిన రోజులు, అక్కడ డీజిల్ ఇంజన్ విప్పడం నేర్పిన మేస్త్రి, పెళ్లికి ముందు కొనాలనుకుని కొనలేకపోయిన జీపు, అన్నీ వాటంతట అవే వచ్చినయ్. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే ఇవి చెప్పేవాడు కాదు. ఒకటి గుర్తుంచుకోండి, బ్రేక్ ఫ్లూయిడ్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

తండ్రులకు ఒక మాట. పిల్లల చేత టార్చిలైటు మాత్రమే పట్టించకండి. పానా వాళ్ల చేతికివ్వండి, బోల్టు తిప్పడానికి పది నిమిషాలు పట్టినా సరే చూస్తూ ఉండండి. అయితే జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టనివ్వొద్దు.

రేడియేటర్ అంటే గుర్తొచ్చింది, మన నల్లగొండలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఏళ్ల తరబడి అవే పోస్తే లోపల గార కట్టి ట్యూబులు మూసుకుపోతాయి, ఎండాకాలంలో హీటెక్కుతుంది. కొనేముందు మూత తీసి చూడండి, తెల్లటి పెచ్చులు కనిపిస్తే రేడియేటర్ ఖర్చు కూడా లెక్కేసుకోండి. ఆ తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.

మైనస్ అంటే తుప్పు. కాళ్ల కింది మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ చూడండి, డోర్ల కింది అంచులు చూడండి, అయస్కాంతం పెడితే అంటుకోని చోట పుట్టీ పూశారని తెలిసిపోతుంది. ఇంజన్ పని మీరు నేర్చుకోవచ్చు, టింకరింగ్ (బాడీ రేకు పని) మాత్రం మేస్త్రికి ఇవ్వాల్సిందే, డబ్బులు ఎక్కువ పోయేదీ అక్కడే.

కాగితాల సంగతి. సొంత కారుకు 15 ఏళ్లు దాటితే ఆర్టీఓ ఆఫీసులో బండి చూపించి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి, అది 5 ఏళ్లకు ఇస్తారు, గ్రీన్ ట్యాక్స్ కూడా కట్టాలి. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో కలవకపోతే ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.

నెలలో పూర్తి చేసి తిప్పాలనుకునేవాళ్లకు ఇది వద్దు. ఆదివారాలు ఇద్దరికీ ఖాళీ ఉండి, పిల్లలకు కొంచెమైనా ఇష్టం ఉంటే, కాగితాలు సరిగ్గా ఉన్న కార్బొరేటర్ 800 కచ్చితంగా తీసుకోండి. మాకు వెనక అద్దం రబ్బరు ఇంకా దొరకలేదు, జడ్చర్ల, దేవరకొండ, సూర్యాపేట వైపు ఎవరి దగ్గరైనా ఉంటే కింద రాయండి, నాయినా నేనూ వచ్చి తీసుకుంటాం.