నలుగురి కోసం నాలుగు భావనలు

[తెరపై: రాత్రి వేళ. ఫోను వెలుగులో ఒక ముఖం. వేలు తెర మీద జరుగుతూనే ఉంటుంది.]

నమస్కారం. నిన్న మీ మనసు పాడు చేసిన ఆలోచనలను ఒకసారి వరుసగా గుర్తు చేసుకోండి. తోడికోడలు ఇల్లు కొన్నది. మీతో పాటే ఉద్యోగంలో చేరినవాడికి ముందుగా ప్రమోషన్ వచ్చింది. పెళ్లిలో దూరపు చుట్టం ఒకాయన నవ్వుతూనే ఓ మాట అనేశాడు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజ్ మీ గురించేనేమో అనిపించింది. చూడండి, ఈ జాబితాలో దాదాపు అందరూ మనుషులే.

సానుకూల ఆలోచన నేర్పుతామనే వీడియోలు మాత్రం మనల్ని అద్దం ముందు నిలబెడతాయి. 'నేను గొప్పవాణ్ణి, నేను గెలుస్తాను' అని పదే పదే చెప్పుకోమంటాయి. చెప్పుకోవచ్చు, తప్పేమీ లేదు. కానీ తోడికోడలి ఇల్లు అక్కడే ఉంటుంది, గృహప్రవేశానికి మనం వెళ్లకా తప్పదు. అక్కడికి ఏ మనసుతో వెళ్లాలో యోగసూత్రాలు రాసిన పతంజలి ఒక్క సూత్రంలో చెప్పాడు. ఈ రోజు వీడియో ఆ ఒక్క సూత్రం గురించే.

[తెరపై: యోగసూత్రాలు, సమాధిపాదం (మొదటి అధ్యాయం), 33]

మైత్రీకరుణాముదితోపేక్షాణాం సుఖదుఃఖపుణ్యాపుణ్యవిషయాణాం భావనాతశ్చిత్తప్రసాదనమ్.

సుఖంగా ఉన్నవారి మీద మైత్రి, దుఃఖంలో ఉన్నవారి మీద కరుణ, మంచి పనులు చేసేవారిని చూస్తే ముదిత, అంటే సంతోషం, చెడ్డ పనులు చేసేవారి విషయంలో ఉపేక్ష. ఈ నాలుగింటినీ మనసులో నిలుపుకుంటూ ఉంటే చిత్తం తేటపడుతుంది.

ఈ సూత్రం ఎక్కడ వస్తుందో కూడా గమనించాలి. దీనికి కాస్త ముందు పతంజలి సాధనకు అడ్డుపడే తొమ్మిది అంతరాయాలను చెబుతాడు. జబ్బు, సందేహం, బద్ధకం వంటివి. వాటి వెంట వచ్చేవాటిలో 'దౌర్మనస్యం' ఒకటి, మనసు చెడి ఉండటం. దానికి చెప్పిన ఉపాయాలలో ఈ నాలుగు భావనలూ ముందుంటాయి. ఊపిరిని వదలడం, నిలపడం గురించిన సూత్రం ఆ తర్వాతది. ముందు మనుషుల సంగతి, తర్వాతే ముక్కు సంగతి. అసలు యోగసూత్రాలన్నిటిలో ఆసనం గురించి సూటిగా చెప్పినవి మూడే. యోగా అనగానే చాప పరిచేవారికి ఇది కాస్త ఆశ్చర్యంగానే ఉంటుంది.

[తెరపై: గృహప్రవేశం. గడపకు పసుపు, మామిడి తోరణం.]

మొదటిది మైత్రి. ఎవరి మీద? సుఖంగా ఉన్నవారి మీద. మామూలుగా మనం పేదవాడి మీద జాలిపడటమే గొప్ప గుణమనుకుంటాం. బాగుపడ్డవాడి మీద స్నేహం నిలుపుకోవడం అంతకంటే కష్టం. యోగసూత్రాల వ్యాఖ్యాతలలో వాచస్పతి మిశ్రుడు అనే మహాపండితుడు ఉన్నాడు. ఈ నాలుగు భావనలలో ఏది మనసులోని ఏ మురికిని కడుగుతుందో ఆయన విడివిడిగా చెప్పాడు. మైత్రి కడిగేది ఈర్ష్యను.

ఎలాగంటే, మనకు కావలసినవాడికి సుఖం కలిగితే అది మనకు కలిగినట్టే ఉంటుంది. చెల్లెలికి ఉద్యోగం వస్తే మనం ఈర్ష్యపడం, స్వీట్లు పంచుతాం. 'మనవాళ్లు' అని మనం గీసుకున్న ఆ గీతను తోడికోడలి దాకా కొంచెం జరపమంటున్నాడు పతంజలి. ఒక్కసారిగా జరగదు. అందుకే 'భావన' అన్నాడు. భావన అంటే ఒకే తలపును మళ్లీ మళ్లీ మనసులోకి తెచ్చుకోవడం.

కరుణ గురించి మనకు ఎవరూ పెద్దగా చెప్పనక్కర లేదు. ఒక్క సంగతి మాత్రం చూడండి. వాచస్పతి మిశ్రుడి లెక్కలో కరుణ పోగొట్టేది ఎదుటివాడికి కీడు చేయాలనే కోరికను. మనకు పడనివాడు కష్టంలో పడినప్పుడు లోలోపల 'బాగా అయింది' అనిపిస్తుందే, అక్కడ పనిచేయాలి ఇది.

మూడోది ముదిత. నా మటుకు నాకు నాలుగింటిలో ఇదే కష్టం. ఊళ్లో ఒకాయన అన్నదానం చేయిస్తాడు. 'ఫొటోల కోసం' అంటాం. పక్కింటావిడ కార్తిక మాసమంతా తెల్లవారుజామున స్నానం చేసి దీపం పెడుతుంది. 'మరీ చాదస్తం' అంటాం. గుణంలో దోషం వెతకడానికి మన శాస్త్రాలు పెట్టిన పేరు అసూయ. ముదిత కడిగేది దాన్ని. ఆ ఫొటోల సంగతి నిజమే కావచ్చు, కానీ ఆ పూట భోంచేసినవారి కడుపు నిండిందన్నది కూడా నిజమే. రెండో నిజం దగ్గర కాసేపు ఆగగలిగితే చాలు.

[తెరపై: కురుక్షేత్రం, రథం. పగ్గాలు కృష్ణుడి చేతిలో.]

ఇక ఉపేక్ష. దీన్ని అడ్డం పెట్టుకుని చేసే అన్యాయం ఎక్కువ కాబట్టి కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లకు 'ఉపేక్షించు తల్లీ' అని సలహా ఇచ్చే పెద్దలు ఉన్నారు. సూత్రం ఆ మాట చెప్పలేదు. వాచస్పతి మిశ్రుడు ఉపేక్షకు చెప్పిన అర్థం మాధ్యస్థ్యం, అంటే ఎటూ ఒరగకుండా ఉండటం. అది పోగొట్టేది మనలోని రగులుడును. దెబ్బలు కొట్టేవాడి మీద ఫిర్యాదు చేయాల్సిందే, ఆ పిల్లకు అండగా నిలబడాల్సిందే. ఉపేక్ష అక్కడ పని మానమనదు, పగలూ రాత్రీ వాడి గురించి ఉడికిపోతూ మనల్ని మనం కాల్చుకోవద్దంటుంది. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడితో 'యుధ్యస్వ విగతజ్వరః' అంటాడు. యుద్ధం చెయ్యి, ఆ జ్వరం మాత్రం వదిలెయ్యి.

సరే, ఒక చెడ్డ తలపు అప్పటికే గట్టిగా పట్టుకుంది. అప్పుడేం చేయాలి? పతంజలి రెండో పాదంలో 'ప్రతిపక్షభావన' అన్నాడు. దీన్ని చాలామంది 'చెడు ఆలోచన వస్తే వెంటనే మంచి ఆలోచన పెట్టుకో' అని చెప్పేసి ఊరుకుంటారు. ఆ తర్వాతి సూత్రం కూడా చదవాలి. ఈ తలపు లోభం నుంచి పుట్టిందా, కోపం నుంచా, మోహం నుంచా? కీడు నేనే చేస్తున్నానా, చేయిస్తున్నానా, ఎవరో చేస్తుంటే లోపల మెచ్చుకుంటున్నానా? దీని ఫలం అంతులేని దుఃఖం, అజ్ఞానం కదా? ఇలా తరచి చూడటమే ప్రతిపక్షభావన అంటుంది ఆ సూత్రం. వాట్సాప్‌లో ఎవరినో అవమానించే సందేశానికి నవ్వు బొమ్మ పెట్టేవాళ్లం ఆ 'లోపల మెచ్చుకుంటున్నానా' అన్న ప్రశ్న కిందికే వస్తాం. ఒకసారి వదిలిన ఆ తలపులనే మళ్లీ పట్టుకునేవాణ్ణి, యోగసూత్రాలకు పాత వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం, కక్కినదాన్ని తిరిగి తినే కుక్కతో పోల్చింది. మాట కటువే.

[తెరపై: ఇంట్లో పూజగది. ఆచమనం చేస్తున్న చేయి.]

రోజూ చేసేదానిలో దీన్ని ఎక్కడ ఇరికించాలి? కొత్తగా గంట సమయం తీయనక్కర లేదు. మన ఇళ్లలో పూజ ముందు సంకల్పం చెప్పుకుంటాం. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ సంవత్సరమో, ఏ తిథో చెప్పి, 'సహకుటుంబానాం క్షేమ స్థైర్య ధైర్య' అంటూ కోరికలు మొదలుపెడతాం. అమెరికాలో ఉన్న మనవాళ్లు 'క్రౌంచద్వీపే' అని దిక్కులు మార్చుకుని మరీ చెబుతారు. ధైర్యం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఈ రోజు ఎదురుపడబోయే కష్టమైన మనిషి ఎవరో తలచుకోండి. ఆ మనిషికి నాలుగింటిలో ఏది వర్తిస్తుందో అప్పుడే నిర్ణయించుకోండి. పూజ చివర 'లోకాః సమస్తాః సుఖినో భవంతు' అంటాం కదా, ఆ లోకంలో ఆ మనిషిని పేరు పెట్టి కలపండి. మొదట్లో నోరు రాదు. రాకపోవడం సహజమే.

పూజ అలవాటు లేనివారు బస్సు కోసం నిలబడినప్పుడు చేసుకోవచ్చు. సూత్రానికి పూజగది అవసరం లేదు.

ఒక హెచ్చరిక. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలని అనిపించకపోవడం, ఇవి సూత్రాలతో తేల్చుకునే విషయాలు కావు. వైద్యుడిని కలవాలి. మానసిక ఆరోగ్య సహాయం కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. మందులు వేసుకుంటూ కూడా ఈ భావనలు చేసుకోవచ్చు. ఒకదానికి ఒకటి అడ్డు కాదు.

[తెరపై: గీత, ఆరో అధ్యాయం, 34, 35 శ్లోకాలు]

'ఇదంతా వినడానికి బాగుంది, కోపం వచ్చినప్పుడు గుర్తుకు రావాలిగా' అని మీరు అడుగుతారు. అర్జునుడూ దాదాపు ఇదే అడిగాడు. మనసును పట్టడం గాలిని పట్టినంత కష్టం అన్నాడు. కృష్ణుడు ఆ మాటను ఖండించలేదు. 'అసంశయం', అందులో సందేహమే లేదని ముందు ఒప్పుకున్నాడు. అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ పట్టవచ్చని ఆ తర్వాత చెప్పాడు. అభ్యాసం సంగతి ఇంతసేపూ మాట్లాడుకున్నాం. వైరాగ్యానికి అడవులకు పోనక్కర లేదు, రాత్రి భోజనమయ్యాక ఆ అపార్ట్‌మెంట్ గ్రూపు తెరవకుండా ఉండటంతో మొదలుపెట్టవచ్చు.