ఖాళీ స్థలంలో కట్టాలంటే ఊరిని అడగాల్సిందేనా? డెన్వర్‌లో ఏం జరిగిందంటే

[తెర మీద: డెన్వర్ శాటిలైట్ మ్యాప్. చుట్టూ ఇళ్ల కప్పులు, మధ్యలో పెద్ద ఖాళీ]

నమస్తే అండీ. ఈ ఇళ్ల మధ్యలో ఖాళీగా కనిపిస్తోందే, అది పార్క్ హిల్ గోల్ఫ్ కోర్స్. అమెరికాలో కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వర్‌లో ఉంది, 155 ఎకరాలు. గోల్ఫ్ ఆడటం ఎప్పుడో ఆగిపోయింది కానీ, ఈ ఒక్క స్థలం గురించి అక్కడి ఓటర్లు ఏడాదిన్నరలోపే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వచ్చింది. ఒక కంపెనీ డబ్బు పెట్టి కొనుక్కున్న భూమిలో ఏం కట్టాలో ఊరంతా ఓటేసి చెప్పడమేంటి, ఇదెక్కడి న్యాయం అనిపిస్తోందా? నాకూ మొదట అలాగే అనిపించింది, 1997 సంగతి తెలిసేదాకా.

ఆ ఏడాది నగరం 20 లక్షల డాలర్లు ఇచ్చి ఈ స్థలం మీద ఒక హక్కు కొంది. దాన్ని కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. అంటే భూమి యజమానిదే, అమ్ముకోవచ్చు కూడా, కానీ అందులో ఇళ్లూ షాపులూ కట్టకుండా ఆపే హక్కు నగరం చేతిలో ఉంటుంది. 2019లో ఒక డెవలపర్ ఈ 155 ఎకరాలనూ 2 కోట్ల 40 లక్షల డాలర్లకు కొన్నాడు, ఈజ్‌మెంట్ ఉందని తెలిసే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. కట్టకూడని భూమికి ధర తక్కువే ఉంటుంది కదా. రేపు నగరం ఆ హక్కు వదిలేసుకుంటే అదే భూమి విలువ ఒక్కసారిగా లేచిపోతుంది. జనం డబ్బుతో కొన్న హక్కును వదిలేసే ముందు జనాన్ని అడగాలా వద్దా? నా దృష్టిలో గొడవంతా ఇంతే. అడగాల్సిందే అంటాను నేను.

దానికి సిటీ కౌన్సిల్ ఉంది కదా అంటారు. డెన్వర్‌లో 13 మంది సభ్యులున్నారు. వాళ్లకు ఓటేసినప్పుడు జనం రోడ్లు, పోలీసులు, అద్దెలు, ఇలా వంద విషయాలు చూసి వేస్తారు, ఈ ఒక్క మైదానం కోసం కాదు. రోడ్డు విషయంలో తప్పు చేస్తే వచ్చే కౌన్సిల్ సరిచేస్తుంది. పునాదులు పడిన మైదానాన్ని మళ్లీ ఎవరు తెచ్చిస్తారు?

[తెర మీద: 2021 నవంబర్]

అందుకే అక్కడి వాళ్లు సంతకాలు సేకరించి 301 అనే ప్రతిపాదన తెచ్చారు: నగరం ఈజ్‌మెంట్ ఉన్న స్థలాల్లో కట్టడాలకు అనుమతివ్వాలంటే ముందు ఓటర్లు ఒప్పుకోవాలి. ఇక డెవలపర్ వైపు వాళ్లు అదే బ్యాలెట్‌లో 302 పెట్టారు. చదివితే అదీ పచ్చదనాన్ని కాపాడే చట్టంలాగే ఉంటుంది, కానీ ఈజ్‌మెంట్ అంటే ఏమిటో చెప్పే నిర్వచనం మార్చి పార్క్ హిల్‌ను మెల్లగా బయటికి తప్పించేస్తుంది. హడావిడిలో ఓటేసేవాళ్లు ఎంతమంది నిర్వచనాల దాకా చదువుతారు చెప్పండి? అయినా 301 గెలిచింది, 302 ఓడింది.

2023 ఏప్రిల్‌లో అసలు ప్రశ్న వచ్చింది, 2ఓ అని. బ్యాలెట్ మీది ఆ వాక్యాన్ని మీరు చూడాలి. ఇది ప్రైవేటు భూమి అని అందులోనే ఉంది, ఈజ్‌మెంట్ ప్రకారం ప్రధానంగా గోల్ఫ్‌కే వాడాలని ఉంది, దాన్ని తీసేస్తే అందుబాటు ధరల ఇళ్లు, పెద్ద పార్కు వస్తాయనీ ఉంది. పార్కు కావాలనుకున్న మనిషి ఎటు వేయాలి? ‘అవును’ అంటే పార్కుకే ఓటేసినట్టు అనిపిస్తుంది. ఇంత తికమకలో కూడా దాదాపు 59 శాతం మంది వద్దన్నారు.

వద్దన్నది తప్పు అనేవాళ్లున్నారు, వాళ్ల మాటను కొట్టిపారేయలేను. డెన్వర్‌లో ఇళ్ల కొరత నిజం. డెవలపర్ సగానికి పైగా స్థలాన్ని పార్కుగా వదులుతానన్నాడు. ఇల్లు ఉన్నవాళ్లు ఓటేసి ఇల్లు లేనివాళ్లను ఆపేశారన్న కోపంలో అర్థముంది. కానీ ఓటు పెట్టడమంటే నిషేధం కాదు కదా. జనాన్ని ఒప్పించే పని కట్టాలనుకునేవాడి మీద పడుతుంది, అంతే.

బెర్లిన్‌లో టెంపెల్‌హోఫ్ పాత విమానాశ్రయం కూడా చూడండి. 300 హెక్టార్లకు పైగా మైదానం. 2014లో 64 శాతానికి పైగా ఓటర్లు అక్కడేమీ కట్టొద్దన్నారు, అదే చట్టమైంది. 2016లో శరణార్థులకు తాత్కాలిక వసతి కోసమని అక్కడి పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. అవసరం పెద్దదే, కాదనను. కానీ జనం ఓటేసిన చట్టాన్ని కూడా ప్రతినిధులు మార్చగలిగారు. కాబట్టి మీ ఊళ్లో ఇలాంటి నిబంధన వస్తే, దాన్ని మార్చే అధికారం ఎవరికి ఉందో ముందు ఆ వాక్యం వెతకండి.

ఇంతకీ పార్క్ హిల్ ఏమైంది? ఓటు ఆ స్థలాన్ని ఆపగలిగింది గానీ పార్కును తేలేకపోయింది. చివరికి 2025లో నగరం వేరేచోట తనకున్న భూమి డెవలపర్‌కిచ్చి దీన్ని తీసుకుంది. డెన్వర్ చార్టర్‌లో, అంటే నగరానికి రాజ్యాంగం లాంటి దాంట్లో, పాత నిబంధన ఒకటుంది: 1955 చివరికే నగరానివై ఉన్న పార్కులనూ, ఆ తర్వాత అధికారికంగా పార్కులుగా ప్రకటించినవాటినీ ఓటర్లు ఒప్పుకోకుండా అమ్మడానికి వీల్లేదు. పార్క్ హిల్‌కూ ఆ రక్షణ ఉండాలంటే ఆ ప్రకటన కాగితం మీదకు రావాలి. సంతకాలు సేకరించినవాళ్లు ఇక అడగాల్సింది ఆ కాగితం గురించే.